తెరిస్తే ఎన్ని చిల్లులు?

ఫిబ్రవరి 4

అత్తా,

ఈ ఉత్తరం ఇవాళే ఎందుకు రాస్తున్నానంటే, నిన్న టీచరు శిక్షణలో నా పరీక్షా పాఠం తప్పాను. ఇంకొక్క అవకాశం ఉంది, ఈ నెల ఇరవైయేడున. అదీ తప్పితే శిక్షణ ఏడాదంతా మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి. నాకు నీ సాయం కావాలి, త్వరగా కావాలి.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. చేస్తే మిషను ఆపకుండానే "ఊఁ, ఊఁ, సరే" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే మిషను ఆపి, కళ్ళజోడు వెతుక్కుని, రెండుసార్లు చదువుతావు.

జరిగింది చెప్తాను, నవ్వకు. మా ఐదో తరగతిలో ముప్పైఆరుమంది. గోడకి మంచమంత తెర ఉంది. బీరువాలో తొమ్మిది ట్యాబులున్నాయి, అంటే నలుగురికి ఒకటి. అవి వచ్చి రెండేళ్ళయినా పాడవుతాయని ఎవరూ బయటికి తియ్యలేదు. నేనే వెళ్ళి పెద్దసారుని తాళంచెవి అడిగాను. ఆయన పసిబిడ్డని చేతిలో పెట్టినట్టు ఇచ్చారు.

పాఠం భిన్నాలు: అర, పావు, అందులో సగం. పదకొండు రోజులు కూర్చుని బొమ్మలు తయారుచేశాను. తెర మీద గుండ్రటి రొట్టె తనంతట తనే ముక్కలవుతుంది, బాకా మోగుతుంది. ట్యాబులో సరైన జవాబు నొక్కితే రాకెట్ ఎగురుతుంది. తప్పు నొక్కితే మళ్ళీ నొక్కొచ్చు. ఆ సంగతి పిల్లలు క్షణంలో కనిపెట్టి, నాలుగు జవాబులూ వరసగా నొక్కేశారు. ఒక్క నిమిషంలో తొమ్మిది రాకెట్లు ఎగిరాయి. "పావు అంటే ఎంత?" అని అడిగితే ఒక్క నోరూ లేవలేదు. నాకు కంగారొచ్చి నేనే చెప్పేశాను. ఆ తర్వాత అన్నీ నేనే చెప్పేశాను.

పాఠం చూడ్డానికి వచ్చినావిడని పిల్లలు గడియారం మేడమ్ అంటారు. చివరి బెంచీలో కూర్చుని, చేతి గడియారం చూస్తూ ఏదో రాసుకుంటారు. వెళ్తూ నాకిచ్చిన కాగితంలో ఇలా ఉంది: "టీచరు అడిగిన ప్రశ్నలు అరవైయొకటి. టీచరే చెప్పిన జవాబులు యాభైనాలుగు. జవాబు కోసం ఆగిన అత్యధిక సమయం రెండు సెకన్లు. తెర బాగా పనిచేసింది. పిల్లలకి పని దొరకలేదు."

మన ఇంట్లో బడి గడప తొక్కిన మొదటిదాన్ని నేను. బడిలో ఫెయిలైన మొదటిదాన్ని కూడా నేనే అయ్యేలా ఉన్నాను.

ఇక అసలు సంగతి. గొడుగు గౌను కత్తిరించేటప్పుడు నువ్వు బట్టని నాలుగు మడతలు పెట్టి ఒక్క మూల కోస్తావు. తెరిస్తే నడుము గుండ్రంగా వస్తుంది. ఆ పావులో మొత్తం గౌను దాక్కుని ఉంటుంది. నా రాకెట్లన్నీ కలిపినా దాని ముందు దిగదుడుపే. నువ్వు అలా కోస్తుంటే వీడియో తీసి పంపాలి. నీ దగ్గరున్న నా పాత ఫోనుని దారపుండల డబ్బాకి ఆనించి నిలబెట్టు. ఎర్రచుక్క నొక్కు. మూడు నాలుగు నిమిషాలు చాలు. ఫోనుని చూసి బిగుసుకుపోకు, పిల్లలే ఎదురుగా కూర్చున్నారనుకుని మాట్లాడు. ఫోనులోంచి పంపడం నీకు రాదు కాబట్టి, తర్వాత ఫోను పక్కనున్న గోరంత మెమరీ కార్డు తీసి ఉత్తరంలో పెట్టు.

నాన్నకి చెప్పకు. తన లారీ ఎక్కిన ప్రతివాడికీ మా అమ్మాయి టీచరైపోయిందని చెప్పేసుకున్నాడు.

ఇంకా టీచరు కాని
నీ మేనకోడలు


ఫిబ్రవరి 9

వసపిట్టా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కళ్ళజోడు దొరకలేదు కాబట్టి మొదటిసారి లెక్కలోకి రాదు.

అరవైయొక్క ప్రశ్నలడిగి నువ్వే జవాబులు చెప్పావంటే నాకేం వింత? చిన్నప్పుడు "ఆకలేస్తోందా అత్తా? వేస్తోంది కదూ? నాకూ వేస్తోంది" అని నువ్వే అడిగి, నువ్వే చెప్పి, నువ్వే తినేసేదానివి.

సరే, వీడియో తీశాను. మొదటిరోజు ఎర్రచుక్క నొక్కానో లేదో తెలియక గంటసేపు కష్టపడ్డాను. తీరా చూస్తే ఫోనులో ఏమీ లేదు. రెండోరోజు అంతా వచ్చింది గానీ నా మెడ దాకానే వచ్చింది. తల లేని దర్జీని చూస్తే పిల్లలు జడుసుకుంటారని మూడోరోజు మళ్ళీ తీశాను. తీసేముందు తల దువ్వుకున్నాను. టీచరంటే ఆమాత్రం ఉండాలి కదా.

నువ్వు చెప్పినట్టే పిల్లలు ఎదురుగా ఉన్నారనుకున్నాను. ముప్పైఆరుమందిని ఊహించుకోవడానికి కాస్త టైమ్ పట్టింది. ముందు వరసలో బుద్ధిమంతుల్ని కూర్చోబెట్టాను. వెనక వరసలో నీలాంటివాళ్ళని పడేశాను. ప్రశ్న అడిగాక వాళ్ళు ఆలోచించుకోవాలి కదా, ఆగాను. చేతులు ఊరుకోక మధ్యలో ఒక గుండీ కుట్టుకున్నాను.

ఇంతలో మీ నాన్న వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"అక్కా, ఎవరితో మాట్లాడుతున్నావు?"

"పిల్లలతో."

"ఏ పిల్లలు?"

"ఇంకా రాలేదు."

వాడు నన్నూ, ఫోన్నూ, ఖాళీ గదినీ చూసి మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టాడు. ఆ రోజంతా నాతో మెల్లగా, గట్టిగా అరిస్తే పగిలిపోతానన్నట్టు మాట్లాడాడు. నీ సంగతి మాత్రం చెప్పలేదు. పిచ్చిదాన్నయినా పరవాలేదు, నీ గుట్టు బయటపడలేదు.

చొక్కా కోసం బస్సు కండక్టరు కూడా వచ్చాడు. క్లాసు జరుగుతోంది కూర్చోమన్నాను. కూర్చున్నవాడు ఊరుకోకుండా జవాబు చెప్పాడు. అదీ ఉంది చూడు.

నాకైతే బాగానే వచ్చిందనిపించింది. నలభైయేళ్ళుగా బట్టలు కోస్తున్నాను, ఎందుకలా కోస్తావని ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు.

కార్డు ఈ కవరులోనే అట్టముక్కకి అంటించాను. పారెయ్యకు.

నీ అత్త


ఫిబ్రవరి 13

అత్తా,

కార్డు క్షేమంగా అందింది. మూడు రోజులు నాకోసం ఇంత శ్రమపడ్డావు, నీ రుణం తీర్చుకోలేను. నాన్న మంచినీళ్ళ సంగతి చదివి స్టాఫ్‌రూములో గట్టిగా నవ్వితే అందరూ తిరిగి చూశారు.

ఒక్క చిన్న ఇబ్బంది ఉంది. నాలుగు నిమిషాలడిగితే పంతొమ్మిది నిమిషాలు పంపావు. అందులో ఎనిమిది నిమిషాలు నువ్వు ఏమీ మాట్లాడవు, ఫోనుని చూస్తూ కూర్చుంటావు. ఇది రికార్డు చేసిన వీడియో అత్తా. పిల్లలు చెప్పేది నీకు వినపడదు. పైగా లేని పిల్లల్ని తిడతావు కూడా. "వెనకున్న పిల్లా, కిటికీ కాదు, ఇటు చూడు" అన్నావు. గడియారం మేడమ్ ముందు అదొస్తే నా పని అయిపోయినట్టే.

కాబట్టి ఆ ఖాళీలు, తిట్లు, కండక్టరుగారు, గుండీ, అన్నీ తీసేశాను. సరిగ్గా నాలుగు నిమిషాలొచ్చింది. కింద సంగీతం కలిపాను. చాలా శుభ్రంగా ఉంది, టీవీలో వచ్చినట్టుంది. నీ ఫోనుకి పంపాను, చూడు.

పాఠం వివరాల కాగితంలో "వీడియోలో ఎవరు?" అని ఒక గడి ఉంది. "ఒక దర్జీ" అని రాశాను. బాగుంది కదూ?

నీ మేనకోడలు


ఫిబ్రవరి 17

టీచరుగారికి ఒక దర్జీ నమస్కరించి రాయునది.

తమరు పంపిన వీడియో చూశాను. శుభ్రంగానే ఉంది. అందులో ఒకామె నా మొహం పెట్టుకుని గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతోంది. ఆవిడెవరో నాకు తెలియదు. తనే అడుగుతోంది, తనే చెప్తోంది. తమరి చుట్టం అయ్యుంటుంది.

మర్యాద ఇక నావల్ల కాదు. వినవే పిల్లా.

నేను ఆగింది ఫోను సంగతి తెలియక కాదు. పిల్లలు నాకు వినపడరని నాకూ తెలుసు. వాళ్ళ మాట వాళ్ళకి వినపడాలని ఆగాను. బట్ట కోసేటప్పుడు కొలతకి మించి కుట్టు కోసం అరంగుళం వదులుతాం. చొక్కా వేసుకున్నాక అది ఎవరికీ కనపడదు. వృథా అని దాన్ని కూడా కోసేస్తే, తొడుక్కున్నవాడు ఊపిరి పీల్చగానే పర్రుమంటుంది. నువ్వు చేసిన పని అదే. కుట్టుకి బట్ట వదలకుండా కోశావు.

నాకు అక్షరాలు ఎవరు నేర్పారు? నీకు పదేళ్ళప్పుడు నువ్వే నేర్పావు. నేను అక్షరం మీద వేలు పెట్టి నోరు తెరిచేలోపు "అది క, అది ఖ" అని నువ్వే చెప్పేసేదానివి. మూడు నెలలు పలక పట్టుకుని కూర్చున్నా నాకు ఒక్కటీ రాలేదు. బుర్ర లేనిదాన్నని నాలో నేనే ఏడ్చాను. తర్వాత నీకు గవదబిళ్ళలొచ్చి దవడలు వాచాయి, వారం రోజులు నోరు పెగల్లేదు. వేలుతో చూపించి ఊరుకునేదానివి. ఆ వారంలో నాకు పదకొండు అక్షరాలొచ్చాయి. ఈ మాట నీకెప్పుడూ చెప్పలేదు, చిన్నబుచ్చుకుంటావని.

ఇప్పుడు చెప్పానంటే నేను చిన్నబుచ్చుకున్నాను కాబట్టి. "ఒక దర్జీ" అట! మా అత్త అని రాస్తే ఆ గడిలో సిరా ఒలికిపోతుందా?

వాడితే మొత్తం వాడు. లేదంటే గుడ్డముక్క తీసుకుని నువ్వే కోసుకో. ఆ నాలుగు నిమిషాల ఆవిడని మాత్రం పిల్లల ముందుకి తేకు.

చలి తగ్గలేదు, చెవులకి ఏదైనా కట్టుకో.

ఇట్లు,
ఒక దర్జీ


ఫిబ్రవరి 20

అత్తా,

నీ ఉత్తరం అందింది.

నిజం చెప్తాను. ఆ గడి చిన్నదే, కానీ "మా అత్త" పట్టనంత చిన్నదేం కాదు. తోటి శిక్షణవాళ్ళలో ఒకమ్మాయి వీడియోలో ప్రొఫెసరున్నాడు, ఇంకో అబ్బాయి ఇంజనీరుని తెచ్చాడు. ఇంటి నుంచి మనిషిని తెచ్చుకుందని మేడమ్ అనుకుంటారేమోనని భయపడ్డాను. భయమని పైకి అన్నాను గానీ, అందులో సిగ్గు కూడా ఉంది. నిన్ను చూసి సిగ్గుపడ్డందుకు ఇప్పుడు నన్ను చూసి సిగ్గుపడుతున్నాను. కాగితం మార్చేశాను. "మా అత్త, దర్జీ, నలభైయేళ్ళ అనుభవం" అని రాశాను. గడి దాటి పక్కగడిలోకి వెళ్ళింది. వెళ్తే వెళ్ళింది.

నీ ఉత్తరం రాకముందే ఆ నాలుగు నిమిషాలది పక్క సెక్షనులో వేసి చూశాను. పిల్లలు కళ్ళార్పకుండా చూశారు, "మళ్ళీ వెయ్యండి టీచర్" అన్నారు. నేను పొంగిపోయాను. "ఏం అర్థమైంది?" అని అడిగితే ఒకడు లేచి, కింద కలిపిన సంగీతాన్ని ఈలవేసి వినిపించాడు. వాడికి అంతకుమించి ఏమీ అంటుకోలేదు.

ఇరవైయేడున మొత్తం వేస్తాను. కానీ ఒక భయముంది. నువ్వు ఆగుతావు, నిజమే. నేను ఆగగలనా? తెర మీద నువ్వు నోరు మూసుకుంటే ఇక్కడ నా నోరు దానంతటదే తెరుచుకుంటుంది. దీనికేమైనా మందుందా?

నీ మేనకోడలు


ఫిబ్రవరి 24

వసపిట్టా,

కోపం పోయింది. పక్కగడిలోకి వెళ్ళిందన్న మాట దగ్గర పోయింది.

మందుంది. నేను కొలతలు పెట్టేటప్పుడు గుండుసూదులు పళ్ళ మధ్య పట్టుకుంటాను. నోట్లో సూదులున్నాయని గిరాకీలు నన్నేమీ అడగరు, అడిగినా నేను చెప్పలేను. వాళ్ళే అద్దంలో చూసుకుని, వదులైందో బిగుతైందో వాళ్ళే చెప్తారు. నీకు సూదులొద్దు, నీ కంగారు నాకు తెలుసు. కోటు గుండీ పంపుతున్నాను. రూపాయి బిళ్ళకంటే పెద్దది, మింగుదామన్నా గొంతు దిగదు. నేను ఆగినప్పుడల్లా పెదాల మధ్య పెట్టుకో. కడుక్కుని పెట్టుకో.

మీ నాన్నకి చెప్పేశాను. నన్ను డాక్టరుకి చూపించాలని నీకు కబురు పెట్టబోతుంటే ఇంకేం చెయ్యను? "తప్పిందా! మరి లారీ నేర్చుకునేటప్పుడు నేను గోడని మూడుసార్లు గుద్దాను, అది చెప్పావా దానికి?" అన్నాడు. చెప్పమన్నాడు, చెప్పాను.

నీ అత్త


ఫిబ్రవరి 28

అత్తా,

గట్టెక్కాను! మొదటే చెప్తున్నాను, లేకపోతే చివరి పేజీ ముందు చదువుతావు.

నిన్న పదిన్నరకి మొదలైంది. గడియారం మేడమ్ చివరి బెంచీలో కూర్చున్నారు. నేను పిల్లలకి ఒక్కటే మాట చెప్పాను: "ఈవిడ మా అత్త. గౌను కోస్తుంది." నలుగురికి ఒక ట్యాబు, కాగితాలు, కత్తెర ఇచ్చి వీడియో పెట్టాను. నువ్వు బట్ట మడిచావు, మళ్ళీ మడిచావు. నడుము ఇరవైనాలుగు అంగుళాలైతే ఈ మూల దగ్గర వంపు ఎంత కోయాలి అని అడిగి ఆగావు. నేను గుండీ పెట్టుకున్నాను.

మొదటి పది సెకన్లు నరకం. ముప్పైఆరుమందీ జవాబు కోసం నా వైపు చూశారు. నేను గుండీతో నిలబడ్డాను. మళ్ళీ నీ వైపు చూశారు, నువ్వు గుండీ కుట్టుకుంటున్నావు. అప్పుడు ముందు వరసలో ఒక పిల్ల పక్కపిల్లతో గుసగుసగా, "ఆవిడ మనం చెప్పేదాకా కదలదే" అంది. అంతే, గుసగుసలు మొదలయ్యాయి. "ఆరు!" అని ఎవరో అన్నారు. కాసేపటికి తెర మీద నువ్వు తలెత్తి, "ఆరే కదూ?" అన్నావు. పిల్లలు పెట్టిన అరుపుకి పక్క క్లాసు సారు తొంగిచూశారు. అదే సమయానికి నువ్వు "వెనకున్న పిల్లా, కిటికీ కాదు, ఇటు చూడు" అన్నావా! నిజంగానే చివర్లో ఒకమ్మాయి కిటికీలోంచి చూస్తోంది. ఉలిక్కిపడి, "టీచర్, నేను ఆవిడకి కనపడుతున్నానా?" అని లేచి నిలబడింది. ఆ తర్వాత గంటకొట్టేదాకా తల తిప్పలేదు.

అసలు యుద్ధం రెండో ప్రశ్నకి. "ఈ మూల కోశాను. తెరిస్తే ఎన్ని చిల్లులు?" అన్నావు. కండక్టరుగారు వెనకనుంచి "నాలుగు మడతలు, నాలుగు చిల్లులు, ఇందులో ఆలోచించేదేముంది!" అన్నారు. సగంమంది కండక్టరు పార్టీలో చేరారు. మిగతావాళ్ళు కాదన్నారు. కాగితాలు మడిచారు, కోశారు, ఒకరి కాగితం ఇంకొకరు లాక్కున్నారు. ఒక్కటే చిల్లు చూసి ఒకడు, "కండక్టర్‌కి టికెట్ కొట్టడం తప్ప ఏమీ రాదు" అన్నాడు. రాకెట్లు లేవు, బాకా లేదు. ట్యాబులు మాత్రం ఊరికే ఉండలేదు. ఎవరూ చెప్పకుండానే వాళ్ళు మడతల్ని వీడియో తీసుకుని, ఎక్కడ తేడా వచ్చిందో వెనక్కి తిప్పి చూసుకున్నారు. రెండేళ్ళు బీరువాలో పడున్నవాటికి మొదటిసారి పని దొరికింది.

పాఠమయ్యాక మేడమ్ నన్ను పిలిచి, "నోట్లో ఏమిటమ్మా అది?" అన్నారు. తీసి చూపించాను, నీ సంగతి చెప్పాను. ఆవిడ గుండీని వెనకా ముందూ తిప్పి చూసి తిరిగిచ్చారు. కాగితంలో ఇలా రాశారు: "టీచరు అడిగిన ప్రశ్నలు ఆరు. టీచరు చెప్పిన జవాబులు లేవు. ఆగిన అత్యధిక సమయం రాయలేదు, గడియారం చూడటం మర్చిపోయాను. నల్లబల్ల మీద రాత ఏటవాలుగా ఉంది." ఆ చివరి వాక్యం నాన్నకి చదివి వినిపించకు.

ఇప్పుడు నీకు పని. కిటికీ పిల్ల జట్టు నువ్వు కోసిన మూల కాకుండా, మడత అంచుకి మధ్యలో కోశారు. తెరిస్తే రెండు చిల్లులొచ్చాయి. "మీ అత్తకి ఒకటి, మాకు రెండు, ఎందుకు?" అని నిలదీశారు. నాకు తెలుసు. నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు. గుండీ అప్పటికి జేబులో ఉంది, అయినా చెప్పలేదు.

వాళ్ళు నిన్నే అడుగుతామన్నారు. ఈ కవరులో అట్టముక్కకి అంటించిన కార్డులో వాళ్ళ వీడియో ఉంది. మడుస్తారు, కోస్తారు, ప్రశ్న అడుగుతారు. తర్వాత ముప్పైఆరుమందీ చేతులు కట్టుకుని, నోరు మెదపకుండా రెండు నిమిషాలు నిన్నే చూస్తూ కూర్చుంటారు. నువ్వు ఆలోచించుకోవడానికట. మధ్యలో ఒకడికి తుమ్ము వస్తుంది, అయినా ఆపుకుంటాడు. అది వాళ్ళే తీశారు, నేనేమీ కత్తిరించలేదు.

శిక్షణ ముగుస్తుంది కాబట్టి ఈ బడిలో నా చివరి రోజు మార్చి పద్నాలుగు. నీ జవాబు వీడియో పన్నెండో తారీఖులోగా నాకందాలి. ఎంత నిడివైనా పరవాలేదు.

నీ మేనకోడలు, టీచరు